పదో తరగతి తర్వాత డిప్లొమా కంప్యూటర్ ఇంజినీరింగ్: ఎలా చేరాలి, ఎలా చదవాలి, తర్వాత ఎటు పోవాలి

పదో తరగతి ఫలితాలొచ్చిన వారంలో నెల్లూరు ఆత్మకూరు బస్టాండు దగ్గర నా షాపుకి ఎవరో ఒకరు పిల్లాణ్ణి వెంటబెట్టుకొని వస్తారు. "వీణ్ణి పాలిటెక్నిక్‌లో కంప్యూటర్స్‌లో వెయ్యమంటావా, ఇంటర్‌లో వెయ్యమంటావా?" అని అడుగుతారు. నాది సీసీ కెమెరాలు, నెట్‌వర్క్ పని. డిప్లొమా కంప్యూటర్సే చదివాను, ఇంజినీరింగ్‌కి పోలేదు. మా చెల్లెలు అదే కోర్సు చదివి, ఈసెట్ (డిప్లొమా నుంచి నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరడానికి పెట్టే పరీక్ష) రాసి, బీటెక్ చేసి చెన్నైలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తోంది. రెండు దారులూ మా ఇంట్లోనే ఉన్నాయి కాబట్టి అడిగినవాళ్లకు రెండూ చెప్తాను. షాపులో పదే పదే చెప్పేదాన్నే ఇక్కడ రాస్తున్నాను. చదివేది నువ్వు గనక నీతోనే మాట్లాడుతున్నా.

ఒకటి ముందే తెలుసుకో. డిప్లొమా పట్టా ఒక్కటీ చూసి సాఫ్ట్‌వేర్ కంపెనీలు పిలవడం అరుదు. వాళ్ల ప్రకటనల్లో ఎక్కువగా బీటెక్, ఎంసీఏ, లేదంటే బీఎస్సీ, బీసీఏ అని ఉంటుంది. అలాగని ఈ కోర్సు వట్టిదేం కాదు. ఇంజినీరింగ్‌కి వేరే వాకిలి ఇది, లేదా చేతిపనికి గట్టి పునాది. ఈ రెండిట్లో నీకేది కావాలో రెండో ఏడాది మొదట్లోనే తేల్చుకోవాలి. ఫైనలియర్ అయ్యాక ఆలోచిద్దామనుకున్నవాళ్లే ఎటూ కాకుండా పోయారు.

ఇంటరా, డిప్లొమానా

లెక్క చూద్దాం. ఇంటర్ 2 ఏళ్లు, బీటెక్ 4 ఏళ్లు, మొత్తం 6. డిప్లొమా 3 ఏళ్లు, ఈసెట్‌తో నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరితే ఇంకో 3, మొత్తం 6. కాలం సమానమే. ఇంటర్‌లో రెండేళ్లు ఎంపీసీ బట్టీకొట్టుడు ఉంటుంది, కంప్యూటర్ ముట్టుకునేది ఆ తర్వాతే. డిప్లొమాలో మొదటి ఏడాదే సీ ప్రోగ్రామింగ్ మొదలవుతుంది. మూడేళ్లయ్యాక ఇంట్లో ఏదైనా జరిగి పైచదువు ఆగినా చేతిలో ఒక ఇంజినీరింగ్ డిప్లొమా ఉంటుంది. ఇంటర్ సర్టిఫికెట్‌తో ఆ వెసులుబాటు లేదు.

లెక్కలంటే భయమని డిప్లొమాకి వస్తున్నావా? అయితే ఆగు. ఇక్కడా ఇంజినీరింగ్ మ్యాథమెటిక్స్ ఉంది, ఈసెట్‌లోనూ ఉంది. ఎక్కువమందికి సప్లీ పడేది అందులోనే. నాకూ పడింది.

పాలిసెట్

పాలిటెక్నిక్‌లో చేరడానికి రాసే ప్రవేశ పరీక్షే పాలిసెట్. దాన్ని పెట్టేది రాష్ట్ర సాంకేతిక విద్యా శిక్షణ మండలి. మనం ఎస్‌బీటీఈటీ అంటాం. పదో తరగతి పరీక్షలైన కొద్ది వారాలకే ఉంటుంది. 2 గంటలు, 120 ప్రశ్నలు, 120 మార్కులు. మ్యాథ్స్‌కే ఎక్కువ వాటా, మిగతాది ఫిజిక్స్, కెమిస్ట్రీ. సిలబస్ అంతా పదో తరగతిదే. నెగెటివ్ మార్కులు లేవు కాబట్టి ఒక్క గడి కూడా ఖాళీగా వదలొద్దు. ప్రశ్నలు తెలుగులోనూ ఇంగ్లీషులోనూ ఉంటాయి, తెలుగు మీడియం అని భయపడక్కర్లేదు. పాత పేపర్లు ఓ పది గడియారం పెట్టుకొని చేస్తే చాలు. దీనికోసం వేలు పోసి కోచింగ్ ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

కౌన్సెలింగ్ దగ్గర మన రెండు జిల్లాల మెలిక

ఇది జాగ్రత్తగా చదువు. ఉమ్మడి ప్రకాశం ఆంధ్రా యూనివర్సిటీ రీజియన్ కిందికి వస్తుంది, ఉమ్మడి నెల్లూరు శ్రీవెంకటేశ్వర యూనివర్సిటీ రీజియన్ కిందికి. సీట్లలో 85 శాతం ఆ రీజియన్ లోకల్ వాళ్లకు, మిగతా 15 శాతం అందరికీ. కావలికీ ఒంగోలుకీ మధ్య రైల్లో గంట దూరమే, కౌన్సెలింగ్‌లో మాత్రం అవి వేరే వేరే లోకాలు. లోకల్ అంటే ముందు చూసేది మీ ఇల్లెక్కడన్నది కాదు, నువ్వు చదివిందెక్కడన్నది. ఊరు ఉమ్మడి ప్రకాశంలోని కనిగిరి అయినా ఆరు నుంచి పది దాకా నెల్లూరు హాస్టల్లో ఉండి చదివినవాడు నెల్లూరు వైపు లోకల్ అవుతాడు. అందుకే నాలుగో తరగతి నుంచి పదో తరగతి దాకా స్టడీ సర్టిఫికెట్లు అడుగుతారు. మధ్యలో రెండు మూడు బళ్లు మారినవాళ్లకు ఇక్కడే తిప్పలు. ర్యాంకు వచ్చాక బడి చుట్టూ తిరిగితే వేసవి సెలవులు, ఆఫీసుకి తాళం. పరీక్ష రాయకముందే తెచ్చిపెట్టుకో. కుల ధ్రువీకరణ, ఆదాయ ధ్రువీకరణ కూడా అంతే.

తర్వాత ప్రాసెసింగ్ ఫీజు కట్టడం, సర్టిఫికెట్ల పరిశీలన, వెబ్ ఆప్షన్లు (ఏ కాలేజీలో ఏ బ్రాంచి కావాలో ఆన్‌లైన్‌లో వరసగా పెట్టడం), సీటు కేటాయింపు వరసగా జరుగుతాయి. ఆప్షన్లు పెట్టేముందు కిందటేడు ఏ కాలేజీలో ఏ ర్యాంకు దాకా సీటు వచ్చిందో చూడు. నెల్లూరులో, ఒంగోలులో ప్రభుత్వ పాలిటెక్నిక్‌లు ఉన్నాయి, ఆడపిల్లలకు విడిగా కూడా ఉన్నాయి. అయితే ప్రతి కాలేజీలో ప్రతి బ్రాంచీ ఉండదు. పేరు చూసి కాకుండా బ్రాంచి కోడ్ చూసి పెట్టు. కంప్యూటర్ ఇంజినీరింగ్‌కి కాలేజీల్లో సీఎంఈ అంటారు. ఆప్షన్లు ఇంట్లో ఫోన్‌లో పెట్టుకో. నెట్ సెంటర్ వాడికి పాస్‌వర్డ్ ఇచ్చి "నువ్వే పెట్టెయ్యన్నా" అనొద్దు. అలా పెట్టించుకొని కోరని ఊళ్లో సీటు వచ్చి ఏడ్చినవాళ్లను చూశాను.

ఇంట్లో పెద్దవాళ్లకు ఒక మాట. ప్రభుత్వ కాలేజీలో ఫీజు కొద్ది వేలే. ప్రైవేటు కాలేజీకి పోవాల్సివస్తే రంగురంగుల బోర్డు చూడొద్దు, ల్యాబ్ చూపించమని అడగండి. ఒక సెక్షన్ పిల్లలందరికీ సిస్టమ్‌లు ఉన్నాయా, అవి ఆన్ అవుతున్నాయా అని నిలబడి చూడండి. చూపించడానికి నసిగితే అక్కడితో సరి.

మొదటి ఏడాది: సీ ల్యాబ్

ఫస్టియర్‌లో ఇంగ్లీషు, మ్యాథ్స్, ఫిజిక్స్, కెమిస్ట్రీ, డ్రాయింగ్, వాటితోపాటు కంప్యూటర్ బేసిక్స్, సీ ఉంటాయి. థియరీకి 35 శాతం, ల్యాబ్‌కి 50 శాతం వస్తే పాస్. హాజరు 75 శాతం తప్పనిసరి. ఇవి అందరూ చెప్పేవే. ఎవరూ గట్టిగా చెప్పనిది, సీ వచ్చిందా లేదా అన్నదాని మీదే మిగతా రెండేళ్లు నడుస్తాయి. రెండో ఏడాది డేటా స్ట్రక్చర్స్‌కి సీయే ఆధారం. ఆ తర్వాత జావా అయినా పైథాన్ అయినా లూపు (ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించడం) లూపే, కండిషన్ (ఎప్పటిదాకా చెయ్యాలో చెప్పే షరతు) కండిషనే.

మన పిల్లలు సీ ఎలా చదువుతారో చెప్తా. రికార్డులో సీనియర్ రాసిన ప్రోగ్రామ్ చూసి రాస్తారు, పరీక్షకు బట్టీ పడతారు, సెమికోలన్‌తో సహా. అలా ముప్ఫై ప్రోగ్రాములు నోటికొచ్చినా ముప్ఫై ఒకటోది రాయలేరు. దీనికి మందు కాగితం, పెన్నూ. సాయంత్రం నా దగ్గరికి వచ్చే పిల్లలతో మొదట చేయించేది ఇదే. ఒక అంకెల మొత్తం ప్రోగ్రామ్ తీసుకో. 472 ఇస్తే 4, 7, 2 కలిపి 13 అని చెప్పాలి. కాగితం మీద రెండు గీతలు గీసి మూడు గడులు చెయ్యి: సంఖ్య, శేషం, మొత్తం. 472ని 10తో భాగిస్తే శేషం 2, మొత్తం 2, మిగిలిన సంఖ్య 47. మళ్లీ భాగించు: శేషం 7, మొత్తం 9, మిగిలింది 4. ఇంకోసారి: శేషం 4, మొత్తం 13, మిగిలింది 0. సంఖ్య సున్నా అయింది, లూపు ఆగింది.

ఇప్పుడు కండిషన్‌లో చిన్న మార్పు చెయ్యి. "సంఖ్య సున్నా కంటే పెద్దగా ఉన్నంతసేపు" అన్నచోట "సున్నాకి సమానమైనా సరే" అని కూడా చేర్చు. మళ్లీ గడులు నింపు. సున్నాని 10తో భాగిస్తే శేషం 0, మొత్తం 13, మిగిలింది మళ్లీ 0. ఇంకో వరస, మళ్లీ అదే. మూడో వరస రాస్తుండగా పిల్లలు తల ఎత్తి "ఇది ఆగదన్నా" అంటారు. ల్యాబ్‌లో సిస్టమ్ బిగుసుకుపోయిందని సార్‌ని పిలిచేది ఇందుకే. కంప్యూటర్ పాడవలేదు, నువ్వు చెప్పిన పని నువ్వు చెప్పినట్టే చేస్తూ ఉంది. ఇలా గడులు నింపడాన్ని డ్రై రన్ అంటారు. రోజుకి రెండు ప్రోగ్రాములు మూడు నెలలు చెయ్యి. రికార్డు నీ అంతట నువ్వే రాస్తావు.

ఇంట్లో కంప్యూటర్ లేకపోయినా ఫోన్‌లో సీ ప్రోగ్రాములు నడిపే కంపైలర్ యాప్ వేసుకోవచ్చు. ఉన్న డబ్బుతో కొనాలంటే పాత డెస్క్‌టాప్ చాలు, 8 జీబీ ర్యామ్, ఎస్ఎస్‌డీ ఉండేలా చూసుకో. అప్పు చేసి ఖరీదైన ల్యాప్‌టాప్ కొనొద్దు. డిప్లొమాలో చేసే ఏ పనికీ అది అక్కర్లేదు.

తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లకు మొదటి రెండు నెలలు పాఠం చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే ఉంటుంది. పుస్తకం చివరి పేజీల్లో కొత్త పదాలు రాసుకో: వేరియబుల్ అంటే విలువ దాచుకునే డబ్బా, అర్రే అంటే వరసగా పేర్చిన డబ్బాలు. నీ మాటల్లో రాసుకో, నిఘంటువు మాటల్లో కాదు. దసరా సెలవుల నాటికి ఆ బెదురు పోతుంది.

ఇంకోటి. ఫస్టియర్ అయిపోగానే ఫిజిక్స్, కెమిస్ట్రీ పుస్తకాలు జూనియర్లకు అమ్మెయ్యొద్దు. ఎందుకో కింద చెప్తా.

రెండో ఏడాది: దారి తేల్చుకునే చోటు

ఇక్కడి నుంచి సెమిస్టర్లు. డేటా స్ట్రక్చర్స్, ఆపరేటింగ్ సిస్టమ్స్, డీబీఎంఎస్ (డేటాబేస్ పాఠం), డిజిటల్ ఎలక్ట్రానిక్స్, నెట్‌వర్క్స్, జావా, వెబ్ టెక్నాలజీ ఒకదాని వెంట ఒకటి వస్తాయి. ఇందులో డీబీఎంఎస్ ల్యాబ్‌ని చిన్నచూపు చూడొద్దు. ఎస్‌క్యూఎల్ (డేటాబేస్‌ని ప్రశ్నలడిగే భాష) ఒక్కటి చేతికొస్తే ఏ ఆఫీసులోనైనా పనికొస్తుంది.

మూడో సెమిస్టర్ మధ్యలో ఒక ఆదివారం కూర్చొని నిన్ను నువ్వే అడుగు. కోడ్ రాస్తుంటే టైమ్ తెలియడం లేదా? అయితే బీటెక్ దారి. కోడ్ కంటే కంప్యూటర్ విప్పడం, వైర్లు లాగడం, రూటర్ సెట్ చేయడం ఇష్టమా? అయితే పని దారి. రెండూ కాక కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం మీద చూపుంటే దానికి షరతులు వేరు, చివర్లో చెప్తా.

బీటెక్ దారి: ఈసెట్

ఈసెట్ ఉన్నత విద్యామండలి తరఫున జరుగుతుంది. 3 గంటలు, 200 మార్కులు. అందులో 100 నీ బ్రాంచికి. మిగతా 100లో మ్యాథ్స్ 50, ఫిజిక్స్ 25, కెమిస్ట్రీ 25. అమ్మొద్దన్న పుస్తకాల సంగతి ఇదే. ఫిజిక్స్, కెమిస్ట్రీ మళ్లీ రెండో ఏడాదిలో కనపడవు. ఫస్టియర్‌లో పాసై వదిలేసినవాడు రెండేళ్ల తర్వాత 50 మార్కులకు కొత్తగా చదవాలి. మా చెల్లెలు ఆ పుస్తకాలకు అట్టలేసి దాచింది. ఇంట్లో అందరం నవ్వాం. ఫైనలియర్‌లో మిగతావాళ్లు అవే పుస్తకాల కోసం వెతుకుతుంటే అది పాత పేపర్లు చేసుకుంటోంది.

మ్యాథ్స్‌లో మాత్రికలు, పార్షియల్ ఫ్రాక్షన్స్, త్రికోణమితి, డిఫరెన్షియేషన్, ఇంటిగ్రేషన్ వస్తాయి. డిప్లొమాలో చదివినవే, ఒక్కో లెక్కకి నిమిషం కూడా ఉండదన్నదే తేడా. రెండో ఏడాది నుంచే వారానికి రెండు గంటలు దీనికి కేటాయిస్తే చివర్లో కోచింగ్ సెంటర్‌కి పరిగెత్తక్కర్లేదు.

ఎందుకింత ముందుగా అంటావేమో. లేటరల్ ఎంట్రీ (ఇలా నేరుగా రెండో ఏడాదిలో చేరే) సీట్లు మంజూరైన సీట్లలో 10 శాతమే. 60 సీట్ల సెక్షన్‌కి 6. మొదటి ఏడాదిలో మిగిలిపోయిన సీట్లూ కలుస్తాయి కానీ మంచి కాలేజీల్లో సీఎస్ఈ ఎక్కడ మిగులుతుంది? ర్యాంకు వందల్లో ఉంటే కాలేజీని నువ్వు ఎంచుకుంటావు, వేలల్లోకి పోతే మిగిలింది తీసుకుంటావు. అప్పటికి బ్యాక్‌లాగ్‌లు కూడా ఉండకూడదు. ఈసెట్‌లో మంచి ర్యాంకు వచ్చి ఒక్క సబ్జెక్టు పోయి ఇంట్లో కూర్చున్న స్నేహితుడు నాకున్నాడు.

బీటెక్ రెండో ఏడాదిలోకి అడుగుపెట్టాక మొదట్లో ఇంటర్ నుంచి వచ్చినవాళ్లు లెక్కల్లో ముందుంటారు, ల్యాబ్‌లో నువ్వు ముందుంటావు. ఒక సెమిస్టర్‌లో సర్దుకుంటుంది.

ఆరు నెలల ట్రైనింగ్‌లో మోసపోకు

మూడో ఏడాదిలో ఆరు నెలల ఇండస్ట్రియల్ ట్రైనింగ్ ఉంటుంది. నా అతి పెద్ద పొరపాటు ఇక్కడే. ఊళ్లో ఒక ట్రైనింగ్ సెంటర్‌లో డబ్బు కట్టాను. వాళ్లు నేర్పిందల్లా ఒక పాత ప్రాజెక్టు సీడీ ఇచ్చి స్క్రీన్లు మార్చడం. హాజరు వాళ్లే వేసుకున్నారు, సర్టిఫికెట్ రంగుల్లో వచ్చింది. మొదటి ఇంటర్వ్యూలో "ఈ ప్రాజెక్టులో డేటాబేస్ టేబుల్స్ ఎన్ని?" అని అడిగితే నీళ్లు నమిలాను.

నువ్వు ఇలా చెయ్యి. ట్రైనింగ్‌కి రెండు నెలల ముందే నిజంగా పని జరిగే చోటు వెతుక్కో. ఆసుపత్రి కంప్యూటర్ విభాగం, గ్రానైట్ కంపెనీ ఆఫీసు, రొయ్యల ప్లాంటు, సర్వర్ మెయింటెయిన్ చేసే చిన్న సంస్థ, ఏదైనా పర్లేదు. కాలేజీలో ట్రైనింగ్ చూసే సార్‌ని కలిసి అనుమతి లేఖ తీసుకొని స్వయంగా వెళ్లి అడుగు. పది చోట్ల అడిగితే రెండు చోట్ల రమ్మంటారు. అక్కడ వాళ్ల అసలు ఇబ్బంది ఒకటి పట్టుకొని దానికి చిన్న ప్రోగ్రామ్ చెయ్యి. చీమకుర్తి గ్రానైట్ ఆఫీసులో లారీల రాకపోకలు పుస్తకంలో రాస్తుంటే, దాన్ని డేటాబేస్‌లోకి మార్చినా అది ప్రాజెక్టే. ప్రతి టేబులూ నీ చేత్తో చేసింది కాబట్టి ఎవరు ఏమడిగినా తడుముకోవు.

చదువు అయ్యాక ఏమేం ఉన్నాయి

అప్రెంటిస్‌షిప్‌తో మొదలుపెట్టు. కేంద్ర ప్రభుత్వ అప్రెంటిస్ పథకం నాట్స్ పోర్టల్‌లో పేరు నమోదు చేసుకుంటే ఏడాది పాటు స్టైపెండ్‌తో పని నేర్చుకోవచ్చు. 2019 నిబంధనల్లో డిప్లొమా వాళ్లకు కనీసం నెలకు 8,000 రూపాయలని పెట్టారు. శ్రీహరికోటలోని ఇస్రో రాకెట్ కేంద్రం షార్ కూడా డిప్లొమా అప్రెంటిస్‌లను తీసుకుంటుంది. సూళ్లూరుపేట మనకు పక్కనే కదా, ప్రకటన పడినప్పుడు వదలొద్దు.

ప్రభుత్వ ఉద్యోగాల్లో ఒక అపోహ తీర్చాలి. "డిప్లొమా ఉంటే జేఈ (జూనియర్ ఇంజినీర్ పరీక్ష) రాసుకోవచ్చు" అంటారు. స్టాఫ్ సెలక్షన్ కమిషన్ (ఎస్ఎస్‌సీ) పెట్టే జేఈ సివిల్, మెకానికల్, ఎలక్ట్రికల్ వాళ్లకే, కంప్యూటర్స్‌కి లేదు. రైల్వేలో జేఈ ఐటీకి నోటిఫికేషన్లలో అడుగుతూ వచ్చింది బీఎస్సీ కంప్యూటర్స్, బీసీఏ, పీజీడీసీఏ, బీటెక్ లాంటివి. ఆ పుస్తకాలు కొని ఏడాది పాడు చేసుకోకు. నీకు దారి ఉన్నవి చూడు. ఇస్రోలో టెక్నికల్ అసిస్టెంట్ పోస్టుల్లో కంప్యూటర్ సైన్స్ ఉంటుంది, దానికి డిప్లొమాలో ఫస్ట్ క్లాస్ కావాలి. రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓలో సీనియర్ టెక్నికల్ అసిస్టెంట్ పోస్టులకూ డిప్లొమా పనికొస్తుంది. వాయుసేన అగ్నివీర్ సైన్స్ విభాగంలో కంప్యూటర్ సైన్స్ డిప్లొమాని లెక్కలోకి తీసుకుంటారు, మొత్తం మీద 50 శాతం, ఇంగ్లీషులో 50 శాతం ఉండాలి. పాస్ మార్కులతో గట్టెక్కితే ఇవన్నీ మూసుకుపోతాయి. అందుకే ఈ దారి కావాలనుకున్నవాడు మొదటి ఏడాది నుంచే శాతం కాపాడుకోవాలి.

చెన్నైలో జోహో అనే సాఫ్ట్‌వేర్ సంస్థ నడిపే జోహో స్కూల్స్ ఇంటర్, డిప్లొమా పిల్లలను పరీక్ష పెట్టి తీసుకుంటుంది. ఫీజు లేదు, తిరిగి స్టైపెండ్ ఇస్తారు. నెల్లూరు నుంచి పొద్దున బండెక్కితే పరీక్ష రాసి రాత్రికి ఇంటికి రావచ్చు. డిగ్రీ లేకుండా ప్రోగ్రామింగ్ ఉద్యోగంలోకి పోయే దారుల్లో నేను మొదట చెప్పేది ఇదే.

ఇక మా పని. ముత్తుకూరు, ఇందుకూరుపేట వైపు రొయ్యల గుంటల దగ్గర కెమెరాలు, అపార్ట్‌మెంట్లలో నెట్, బళ్లల్లో కంప్యూటర్ ల్యాబులు, ఆసుపత్రుల్లో నెట్‌వర్క్. పనికి కొదవలేదు, పనొచ్చినవాళ్లకే కొదవ. మొదట్లో జీతం తక్కువే, ఎండలో తిరగాలి, నిచ్చెన ఎక్కాలి. రెండేళ్లు చేస్తే సొంతంగా పనులు పట్టుకోవచ్చు.

నా దగ్గరికి పనికోసం వచ్చినవాళ్ల సర్టిఫికెట్ తర్వాత చూస్తాను. ముందు ఒక మూర క్యాట్ సిక్స్ నెట్‌వర్క్ కేబులు, దాని చివర కనెక్టర్ బిగించే క్రింపింగ్ టూలు చేతికిస్తా. తోలు తీసి, ఎనిమిది వైర్లు విప్పి, వరసగా పెట్టాలి: ఆరెంజ్ వైట్, ఆరెంజ్, గ్రీన్ వైట్, బ్లూ, బ్లూ వైట్, గ్రీన్, బ్రౌన్ వైట్, బ్రౌన్. చివరలు ఒక్క కోతతో సమంగా కత్తిరించి, కనెక్టర్‌లోకి తోసి, అన్ని రాగి చివరలూ ముందు గోడకి తగిలాయా అని వెలుతుర్లో చూసి అప్పుడు నొక్కాలి. ఎక్కువమంది చూడకుండానే నొక్కేస్తారు.

తర్వాత రెండు ప్రశ్నలు అడుగుతా. నెట్ వస్తోంది కానీ స్పీడ్ 100 దగ్గరే ఆగిపోతోంది, ఎక్కడ చూస్తావు? 100 ఎంబీపీఎస్‌కి 1, 2, 3, 6 నంబర్ల వైర్లు చాలు, గిగాబిట్‌కి (అంటే 1,000 ఎంబీపీఎస్‌కి) ఎనిమిదీ కావాలి. కాబట్టి చూడాల్సింది 4, 5, 7, 8. రెండోది: గుంట గట్టు మీద కెమెరా, షెడ్డు నుంచి 160 మీటర్లు, కేబులు వేసేద్దామా? ఈ కేబులు 100 మీటర్లకే. మధ్యలో నెట్‌వర్క్ స్విచ్ పెట్టడానికి గట్టు మీద కరెంటు ఉందా అని అడిగి, లేకపోతే ఫైబర్ గానీ వైర్‌లెస్ గానీ అని చెప్పినవాడికి మర్నాడు పొద్దున ఏడింటికి రమ్మని చెప్తా. నీళ్ల సీసా, టోపీ తెచ్చుకోమని కూడా.